మా ఆయన చేతి కొలతకి కొన్న కత్తెర

జనవరి 6

చేతుల డాక్టరు రోజూ నాలుగు లైన్లు రాయమంది. బొటనవేలికి వ్యాయామమట. రబ్బరు బంతి పిసకమంటే పిసకడం లేదని కనిపెట్టేసింది మహాతల్లి. ఏం రాయను అంటే, మీ ఇష్టం, ఎవరూ చూడరు కదా అంది. ఎవరూ చూడరంటే సరే. మా ఆయన చూసినా ప్రమాదం లేదు. బస్సు డ్రైవరు, రూటు బోర్డు తప్ప ఇంకేదీ చదవడు.

వేలు బాగానే ఉంది. పోయిన చలికాలమంతా ఆపరేషన్ కట్టుతో ఇంట్లో కూర్చున్నాను. తర్వాత తోటలో కుండీలకి లేబుళ్ళు కట్టే పనిలో పెట్టారు. ఇప్పుడు మళ్ళీ బేరి చెట్ల కత్తిరింపు వచ్చింది. తోట గోడ పొడుగునా తీగలు లాగి, వాటికి కొమ్మలు కట్టి, గోడకి ఆనించి పెంచిన చెట్లు. ఎన్నో ఏళ్ళుగా వాటి మీద నేను తప్ప ఇంకెవరూ కత్తెర పెట్టలేదు. పోయినసారి నేను లేను కాబట్టి అసలెవరూ పెట్టలేదు. ఇవాళ చూస్తే జుట్టు విరబోసుకుని నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

మేడం పిలిచింది. నాకంటే చాలా చిన్నది, తోట సూపర్‌వైజరు. "అక్కా, టికెట్ కౌంటర్లో కుర్చీ ఖాళీ అయింది. లోపల హీటరుంటుంది. నువ్వు ఊఁ అంటే..." అంది. నేను ఊఁ అనలేదు. "నాకేం రోగం మేడం? చెయ్యి రాయిలా ఉంది" అన్నాను. సరే చూద్దాం అంది. కొమ్మల మీద కన్నులు పగిలి చిగురు రాకముందే గోడ మొత్తం పూర్తి చేస్తే చెట్లు నావే. చెయ్యలేకపోతే గులాబీలు చూసే ఆ పొడుగువాడికి ఇచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెడుతుంది. ఇంత మర్యాదగా నన్నెవరూ బెదిరించలేదు.

పొడుగుకి! నిచ్చెన రెండు మెట్లెక్కితే గోడ పైవరస అందుకుంటాడన్న మాటేగానీ, గులాబీలు తప్ప ఇంకేదీ కత్తిరించి ఎరగడు.

జనవరి 8

పనిముట్ల గదిలో పై అరలో నా పాత కత్తెర దొరికింది. ఆస్పత్రికి వెళ్ళే ముందు నొప్పితో పసరు కూడా తుడవకుండా అక్కడ పడేసినట్టున్నాను. పసరు గట్టిపడి, దాని మీద తుప్పెక్కి, రెండు బ్లేడ్లూ అతుక్కుపోయాయి. నూనె పోసి సుత్తితో కొట్టాను. స్ప్రింగు టక్కుమని విరిగి ఎటో ఎగిరిపోయింది.

"వదినా, దానికి కూడా ఆపరేషన్ చేయించు" అన్నాడు పొడుగు. వాడి నోరు పడ.

కొత్తది కొనాలి. కొంటే జపాన్‌దే కొంటాను. ఒకసారి మా తోట చూడ్డానికి వచ్చిన ఒకావిడ చేతిలో చూశాను. అది కోసిన చోట కొమ్మ నలగలేదు, పీచు లేవలేదు. నలగని గాయం తొందరగా మానుతుంది. చెట్టుకైనా అంతే.

జనవరి 9

బంతి పిసికాను. రెండుసార్లు.

జనవరి 11

పనిముట్ల షాపుకి వెళ్ళాను. ఇరుకు షాపు, లోపల చల్లగా, నూనె వాసన. పెద్దాయన ఒక్కడే ఉంటాడు, మెళ్ళో భూతద్దం వేలాడుతూ. జపాన్ కత్తెరలు అద్దాల బీరువాలో ఉన్నాయి. అన్నీ ఒకేలా కనిపించాయి నాకు. తీసి గల్లా బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టాడు. అప్పుడు తెలిసింది, ఒకదాని పిడి లావు, ఒకదాని పిడి వంపు, ఒకదాని స్ప్రింగు మొండి.

"ఇది కొనడమంటే చెప్పులు కొన్నట్టేనమ్మా. చెయ్యి చూడకుండా నేను అమ్మను. మూసి ఉన్నప్పుడు కాదు, పూర్తిగా తెరిచినప్పుడు వేళ్ళు అందాలి. ఏదీ, చెయ్యి ఇలా పెట్టు" అన్నాడు.

నా కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. తీస్తే బొటనవేలి మొదట్లో కుట్ల గీత కనపడుతుంది, చూసి ఈ చేతికి పట్టు చాలదనుకుంటాడు. మా తోటకి సరుకంతా ఈ షాపు నుంచే వస్తుంది. వారానికోసారి మేడంతో ఫోన్లో మాట్లాడతాడు ఈయన.

"నాకు కాదండీ. మా ఆయనకి" అన్నాను.

"అయితే ఆయన్ని తీసుకురా" అన్నాడు. అన్నీ తుడిచి మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

జనవరి 12

"ఏమండీ, షాపుకి పదండి, మీకు కత్తెర కొంటున్నాను" అంటే మా ఆయన, "నాకెందుకే? మీసం కత్తిరించుకోవడానికా?" అన్నాడు. దారి పొడుగునా చెప్పి తీసుకెళ్ళాను. మీరు చెట్లు కత్తిరిస్తారు, అంతకుమించి నోరు విప్పకండి అని.

పెద్దాయన ఈయన అరచెయ్యి గల్లా మీద పెట్టించి కొలిచాడు. చేటంత చెయ్యి. రెండు కత్తెరలు ఇచ్చి ఎండుపుల్ల కొయ్యమన్నాడు. మా ఆయన కత్తెరని రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"సారు ఏం చెట్లు కత్తిరిస్తారు?"

"ఏది దొరికితే అది" అన్నాడు మా ఆయన.

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి నావైపు ఒకసారి చూశాడు. అన్నిటికంటే పెద్దది, మొండి స్ప్రింగుది, ఈయన చేతికి సరిపోయేది తీసి కట్టాడు. కడుతూ కడుతూ జాగ్రత్తలన్నీ చెప్పాడు. పని అయిన వెంటనే తడిగుడ్డతో పసరు తుడవాలి, తర్వాత పొడిగుడ్డ, తర్వాత ఒక్క చుక్క నూనె. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. సాన పట్టేటప్పుడు వాలుగా ఉన్న వైపే పట్టాలి, చదును వైపు రాయితో గీకకూడదు. "ఇది గట్టి ఉక్కు సార్. గట్టిదానికి పంతం ఎక్కువ. తిన్నగా కోస్తే ఏళ్ళ తరబడి పదును పోదు. మెలి తిప్పారా, అంచు పెచ్చు లేచిపోతుంది."

మా ఆయన అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చాక, "ఎందుకే ఇంత నాటకం?" అన్నాడు.

"నాటకమేముంది? ఇంట్లో వస్తువు ఇద్దరిదీ."

పాతదీ కొంచెం అటూఇటూ ఇదే సైజు. పెద్దదే మంచిది.

జనవరి 15

మొదటి చెట్టు పట్టాను. అబ్బ, ఏం కత్తెర! కోసినట్టే తెలియదు. ప్రతి పక్కకొమ్మకీ రెండు కన్నులు ఉంచి పైది తీసేస్తూ పోయాను. బ్లేడు చెట్టు మీద ఉండిపోయే వైపుకి రావాలి, దానికి ఎదురుండే మొద్దు కొక్కెం కిందపడే ముక్కని నలపాలి. చేతులు మర్చిపోలేదు. ఏడాది తర్వాత కూడా మర్చిపోలేదు! ఆనందంతో పాట కూడా పాడుకున్నట్టున్నాను, పొడుగు గులాబీల దగ్గర్నుంచి "ఆపు వదినా" అని అరిచాడు.

ఇంటికొచ్చి తుడిచి, నూనె రాసి, మా ఆయన బనీనులో చుట్టి పెట్టాను. కొత్త బనీనట. నాకేం తెలుసు.

జనవరి 16

వాపు కాదు. చలికి అలా ఉంది.

జనవరి 17

రాయలేదు.

జనవరి 20

ఎడమచేత్తో రాస్తున్నాను. ఊరికే. సరదాకి. ఎడమచెయ్యికి కూడా వ్యాయామం కావాలి కదా. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి.

జనవరి 22

పెచ్చు లేచింది.

నాలుగో చెట్టు పైవరసలో, నా బొటనవేలంత లావు కొమ్మ. ఏడాది ఎవరూ ముట్టుకోక బలిసిపోయింది. కత్తెర సగం దిగి ఆగింది. పిడికిలి మూసుకోలేదు. మూసుకోమంటే వినలేదు. ఇటు తిప్పి అటు తిప్పి మెలిపెట్టాను, చిన్న చప్పుడొచ్చింది. అంచున గోరంత అర్ధచంద్రం ఊడిపోయింది.

ఏం ఉక్కండీ ఇది? ఒక కొమ్మకే విరిగేదాన్ని ఎవరైనా అమ్ముతారా?

జనవరి 23

పొడుగు వచ్చి "వదినా, లావువి నేను కోసి పెడతాను, రంపం ఉంది" అన్నాడు. "నీ గులాబీలు నువ్వు చూసుకో" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు. మేడం దగ్గర మంచి పేరు కొట్టేద్దామని కాకపోతే వాడికెందుకు ఈ జాలి?

పెచ్చు లేచిన చోట కోస్తుంటే బెరడు చిరుగుతోంది. చూడలేకపోయాను. పని ఆపేశాను.

జనవరి 25

దులిపేద్దామనే షాపుకి వెళ్ళాను. కత్తెర గల్లా మీద పెట్టి, "ఇదేనా మీ జపాన్ ఉక్కు?" అన్నాను. నలుగురూ వినేలా. అక్కడ నేనూ పెద్దాయనా తప్ప ఎవరూ లేరనుకో.

పెద్దాయన కోప్పడలేదు. భూతద్దం పెట్టి అంచు చూశాడు. స్ప్రింగు చూశాడు. అతుకు దగ్గర నూనె చూశాడు.

"బాగా చూసుకుంటున్నారు. ఎక్కడా తుప్పు లేదు, పసరు లేదు" అన్నాడు. తర్వాత, "మీ ఆయనకి చెయ్యి బాగా నొప్పిగా ఉన్నట్టుందమ్మా" అన్నాడు.

నేను కుడిచెయ్యి మళ్ళీ జేబులో పెట్టేశాను.

"బలం ఉన్న చెయ్యి మెలి తిప్పదు. నొక్కుతుంది, తెగకపోతే వదిలేస్తుంది. బలం చాలని చెయ్యే తిప్పుతుంది. ఆయనకి ఎప్పట్నుంచి నొప్పి?"

"ఏడాదిన్నర నుంచి" అన్నాను. అనేశాక ఇంక ఆగలేదు. షాపులో నిలబడి, ఇంత వయసొచ్చి, ముక్కు చీదుతూ ఏడ్చాను. ఆయన తలుపు దగ్గర బోర్డుని 'మూసి ఉంది' వైపుకి తిప్పి వచ్చి, కత్తెరలు తుడిచే గుడ్డ ఇచ్చాడు. నూనె వాసనతో మొహం తుడుచుకున్నాను.

"మేడంకి చెప్పకండి" అన్నాను.

"నేను కత్తెరలు అమ్ముతానమ్మా. కబుర్లు కాదు. చెయ్యి పెట్టు" అన్నాడు.

పెట్టాను. కుట్ల గీతని చూడనట్టే కొలిచాడు. బీరువాలోంచి ఏడంగుళాలది తీశాడు. పిడి సన్నం, స్ప్రింగు మెత్తన. తెరిస్తే వేళ్ళన్నీ హాయిగా అందాయి. నా జీవితంలో నా చేతికి సరిపోయే కత్తెర పట్టుకోవడం ఇదే మొదలు. పాతవన్నీ ఎవరి చేతికి చేశారో ఏమో.

కొయ్యడం కూడా మళ్ళీ నేర్పించాడు, నాకు! కోపం రావాలి నిజానికి. కొమ్మని బ్లేడు కొసన కాకుండా మొదట్లోకి తీసుకోమన్నాడు. ఎడమచేత్తో కొమ్మని కొంచెం అవతలికి వంచితే కోత దానంతటదే తెరుచుకుంటుంది, కుడిచెయ్యి నొక్కాల్సిన పని సగం తగ్గుతుంది. ఎడమచెయ్యి ఇన్నేళ్ళూ నిచ్చెన పట్టుకోవడానికే పనికొచ్చింది.

"చిటికెన వేలి కంటే లావు కొమ్మ దగ్గర దీన్ని తెరవొద్దు. మాటివ్వు" అన్నాడు. ఇచ్చాను. పెద్దదాన్ని సాన పట్టి పెచ్చు అరగదీస్తానని ఉంచుకున్నాడు.

జనవరి 27

రెండు చెట్లు. కుడిచేత్తోనే రాస్తున్నాను, చూడు.

జనవరి 30

మూడు చెట్లు. మధ్యలో ఆగి బ్లేడు తుడిచి, చెయ్యి జేబులో పెట్టుకుని వెచ్చబెట్టి, మళ్ళీ మొదలు. ఇలా అయితే గోడ చివరికి వెళ్తాను. లావు కొమ్మలు ప్రస్తుతానికి వదిలేస్తున్నాను. తర్వాత చూసుకోవచ్చు.

ఫిబ్రవరి 3

చాలా బాగా సాగుతోంది.

లావువి తర్వాత.

ఫిబ్రవరి 6

ఇవాళ దూరంగా వెళ్ళి గోడ మొత్తం చూశాను. చూడకుండా ఉండాల్సింది. సన్నవన్నీ నీట్‌గా కత్తిరించి, లావువన్నీ అలాగే నిటారుగా నిలబడి, చెట్టుకి నాలుగైదు. సగం క్షవరం చేసి మంగలి పారిపోయినట్టుంది. తర్వాత తర్వాత అని ఎవరికి చెప్తున్నాను? ఎవరూ చదవని దాంట్లో కూడా అబద్ధం రాస్తున్నాను.

మా ఆయనకి చెప్పాను. డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. "కుర్చీలో కూర్చుంటే చచ్చిపోతానా ఏమిటి? కూర్చుంటాను" అన్నాను.

"నువ్వు చావవు. జనం చస్తారు. టికెట్ అడిగినవాడి మీద పడి కరుస్తావు" అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. "నాకు కళ్ళు మసకబారినప్పుడు ఏం చేశాను? డిపోలో ఎవరికీ చెప్పకుండా వారం నడిపాను. ఒక్కడికీ ఏమీ కాలేదు, నా అదృష్టం. తర్వాత చెప్పాను, కళ్ళద్దాలిచ్చారు. అంతే కదే" అన్నాడు.

నాకెందుకు చెప్పలేదని అగ్గిమీద గుగ్గిలమయ్యాను. అయ్యాక ఆలోచిస్తే నాకే సిగ్గేసింది.

ఫిబ్రవరి 7

పొడుగు టీ తాగుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక "నీ గులాబీలు బాగున్నాయి" అన్నాను. వాడు భయపడ్డాడు. "ఏమైంది వదినా? ఎవరైనా పోయారా?" అన్నాడు.

చెప్పాను. నా చెయ్యి లావు కొమ్మలకి మూసుకోవడం లేదు అని. పెద్దగా ఏమీ కూలిపోలేదు. వాడు టీ చివరి గుక్క తాగి, "నాకు తెలుసు. పెద్ద కత్తెరతో నువ్వు కొట్టుకుంటున్నప్పుడే చూశాను. అందుకే కదా రంపం అన్నాను" అన్నాడు.

"మరి చెట్లు నీకిస్తామంటే నీకు ఇష్టం లేదా?"

"నాకా? ఆ బేరి చెట్లా? నువ్వు ఎన్నేళ్ళుగానో దువ్విన జుట్టు అది. నేను ఒక్క కొమ్మ తప్పు కోస్తే నువ్వు కౌంటర్లోంచి కుర్చీ విసురుతావు. నాకు వద్దు తల్లీ" అన్నాడు. ఇన్నాళ్ళూ వాడిని ఏమేం అనుకున్నానో తలుచుకుంటే ఒళ్ళు మండింది, నా మీదే.

ఫిబ్రవరి 8

రంపం మొదలు. నేను సుద్దతో గీత గీస్తాను, వాడు కోస్తాడు. మొదటిదే గీతకి ఇంత అవతల కోశాడు. గుడ్లురిమాను. "గీత ఎందుకు గీశాను, అందానికా?" "వదినా, సుద్ద గీత మంచుకి చెరిగిపోయింది." "చెరిగితే అడగాలి!" తోట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆగి మమ్మల్ని చూశారు.

సాయంత్రానికి ఒక్కటీ తప్పలేదు. వాడు కోసిన చోట పీచు లేస్తే నా ఏడంగుళాలదాంతో అంచు నున్నగా చెక్కాను. పొద్దుగూకే వేళకి నాలుగు చెట్లు.

ఫిబ్రవరి 12

నిచ్చెన మీద వాడు, కింద నేను. మాట్లాడుకోవడం తగ్గింది, పని పెరిగింది. బ్లేడు తుడవడం వాడికీ అలవాటు చేశాను. రంపానికి కూడా పసరు పడుతుందని వాడికి ఇన్నేళ్ళూ తెలియదట! గులాబీలెలా బతికున్నాయో.

ఫిబ్రవరి 17

మేడం రేపు చూడ్డానికి వస్తానంది. చివరి రెండు చెట్లు ఉన్నాయి. పొడుగు, "రంపం సంగతి చెప్పకు వదినా. నేను ఊరికే నిచ్చెన పట్టుకున్నానని చెప్తాను" అన్నాడు. మంచివాడు.

అలాగే అన్నాను. అన్నాను గానీ.

ఫిబ్రవరి 18

పేజీలు సరిపోతాయో లేదో, అంతా రాయాలి.

మేడం గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. ఒక కోత మీద వేలు పెట్టి రుద్ది చూసింది, నలగలేదు. వెనక్కి వచ్చి, "అక్కా, చాలా బాగుంది. నీ చెయ్యి గురించి నేను అనవసరంగా భయపడ్డాను" అంది.

అక్కడితో అయిపోయేది. ఊఁ అంటే చాలు. పొడుగు నిచ్చెన పట్టుకుని నా వైపు చూస్తున్నాడు, ఊఁ అను అన్నట్టు.

"భయపడ్డం అనవసరం కాదు మేడం" అన్నాను. "నా చిటికెన వేలి కంటే లావు కొమ్మ నేను కొయ్యలేను. ఇక ఎప్పటికీ కొయ్యలేను. డాక్టరు ఆపరేషనప్పుడే చెప్పింది, నేనే ఎవరికీ చెప్పలేదు. లావువన్నీ ఇతను రంపంతో కోశాడు. సన్నవి నేను కోశాను. సన్నవి ఈ తోటలో నా అంత బాగా ఇంకెవరూ కొయ్యరు. అది కూడా నిజమే."

జేబులోంచి చెయ్యి తీసి చూపించాను. మేడం చేతిని పట్టుకుని కుట్ల గీత చూసింది. నాకు హీటరూ కుర్చీ కళ్ళముందు కనపడ్డాయి.

"మరి వచ్చే ఏడు?" అంది. "ఇతన్ని గులాబీల నుంచి తీసి ఏటా నీకు ఇవ్వలేను కదక్కా. లావు కొమ్మలు వచ్చే ఏడు ఎవరు కొయ్యాలి?"

నేను జవాబు వెతుక్కోలేదు. చెట్టు వైపు చూస్తే అక్కడే ఉంది.

"వచ్చే ఏడు లావు కొమ్మలుండవు మేడం" అన్నాను. "ఏటా వేళకి కత్తిరిస్తే ఈ చెట్ల మీద ఏ కొత్త కొమ్మా చిటికెన వేలు దాటదు. ఇప్పుడివి ఎందుకు బలిశాయంటే పోయినసారి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. ఇక్కడ బలం కావలసి వచ్చిందంటే ఒక ఏడాది ఎవరో మానేశారని అర్థం. నేను మానను."

మేడం గోడ వైపు చూసింది. పొడుగు వైపు చూసింది. వాడు నిచ్చెన ఎక్కి కొమ్మలేవో సీరియస్‌గా పరీక్షిస్తున్నట్టు నటిస్తున్నాడు.

"అయితే మానకు" అంది.

అంతే అంది. ఆఫీసు వైపు నాలుగడుగులు వేసి ఆగి, "ఎండాకాలం కత్తిరింపు ఎప్పుడు పెట్టుకుంటావో ముందే చెప్పు, నీ షిఫ్టు మారుస్తాను" అంది.

పొడుగు నిచ్చెన మీదనుంచే ఈల వేశాడు. నేను కోప్పడలేదు. చివరి చెట్టు ఇంకా మిగిలి ఉంది, పొద్దు ఉంది, ఇద్దరం పూర్తి చేశాం.

చెయ్యి నొప్పిగా ఉంది. రోజంతా పని చేసినవాళ్ళకి ఉండే నొప్పే. మా ఆయన వేడినీళ్ళు పెట్టి పిలుస్తున్నాడు.